ఇరుగుపొరుగు సంస్థానములు

ఒక రాజ్యము బాగుగా నున్నదో లేదో తెలిసికొనుటకు రెండు విషయములు చూడవలెను. మొదటిది స్థైర్యము, అనగా నేడున్న కట్టుబాటు రేపును ఉండునను నమ్మకము. రెండవది అభివృద్ధి, అనగా నిన్నటికంటె నేడు ప్రజలకు తిండి, చదువు, వృత్తి ఎక్కువగా లభించుట. పంట తనకు దక్కునో దక్కదో తెలియని రైతు గట్టు వేయడు, బావి త్రవ్వడు. కనుక స్థైర్యము లేనిచోట అభివృద్ధి నిలువదు. అభివృద్ధి లేక స్థైర్యము మాత్రమే యున్నచో అది నిలువనీటి మడుగు వంటిది. ఈ రెండును ఎట్లు కలుగునో, ఎట్లు చెడునో గ్రహించుటకు మన ఉత్తరాంధ్రమునందే ఇరుగుపొరుగున నుండిన రెండు సంస్థానముల చరిత్ర చాలును. అవి విజయనగరము, బొబ్బిలి.

ఈ రెండు పట్టణములును నేడు విజయనగరము జిల్లాలోనే కలవు. విజయనగరము నుండి రాయపూరు పోవు రైలుమార్గములో బొబ్బిలి కలదు. ఉదయము బయలుదేరినవారు పని చూచుకొని సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును. రెండు చోట్లను ఒకటే భాష, ఒకటే వాన, ఒకే తీరు పంటపొలములు. ఇన్ని పోలికలుండియు రెండు సంస్థానముల నడక వేరువేరుగా సాగినది.

పదునేడవ శతాబ్ది నడుమ శ్రీకాకుళము ఫౌజుదారైన షేర్ మహమ్మదు ఖాను వెంట వెంకటగిరి వెలమదొరల వంశమునకు చెందిన పెద్దరాయుడు ఈ ప్రాంతమునకు వచ్చెను. ఆ వంశమువారి సేవకు మెచ్చి ఖాను వారికి కొన్ని గ్రామముల నొసగెను. 'షేర్' అనగా పులి. తమకు మేలుచేసిన ప్రభువు పేరు నిలుచునట్లు వారు పెట్టిన 'పెద్దపులి' యను పేరే క్రమముగా బెబ్బులియై, బొబ్బిలి యైనదని పెద్దలు చెప్పుదురు. పూసపాటి వంశపు రాజులు తొలుత కుమిలిలో నుండిరి. 1713వ సంవత్సరమున, విజయ నామ సంవత్సర విజయదశమినాడు, విజయనగరము కోటకు పునాది వేసిరని ప్రతీతి. ఒకరి ఊరి పేరులో పులి యున్నది. వేరొకరి ఊరి పేరులో విజయ మున్నది. అయినను రెండును చిన్న రాజ్యములే. హైదరాబాదు నిజాము, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు అను పెద్ద బలముల నడుమ అవి మనవలసివచ్చెను.

ఇరుగుపొరుగుల తగవు తరచు నీటితో మొదలగును. బొబ్బిలివారు వాగుల నీటిని తమ పొలములకు మళ్లించుకొనుచున్నారనియు, తమ గ్రామములపై పడుచున్నారనియు విజయనగర ప్రభువైన పెద విజయరామరాజునకు కోపము కలదని ఆ కాలపు ఆంగ్ల చరిత్రకారుడు రాబర్టు ఆర్మ్ వ్రాసినాడు. పంచాయితీతో తీరదగిన ఈ తగవు పరాయిసేన రాకతో యుద్ధముగా మారెను. 1753లో నిజాము సలాబతు జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి వశము చేసెను. వారి సేనాని బుస్సీ కప్పములు వసూలుచేయుటకై రాగా విజయరామరాజు ఆయనతో చేతులు కలిపెను. బొబ్బిలిని విడిచిపొండు, వేరొకచోట భూములిత్తుమని బుస్సీ కబురుపంపగా రాజా రంగారావు అంగీకరింపలేదు.

1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన బొబ్బిలి కోటపై ఫిరంగులు మ్రోగినవి. కోట దక్కదని తెలిసిన పిమ్మట, శత్రువుల చేత చిక్కరాదని కోటలోని స్త్రీలను, పిల్లలను తమవారే చంపుకొనిరి. రంగారావు పోరాడుచు మరణించెను. ఆయన పసికుమారుడు చిన రంగారావు మాత్రము బ్రతికి బయటపడెను. మూడవనాటి రాత్రి తాండ్ర పాపారాయుడు శత్రుశిబిరము చొచ్చి, విజయరామరాజును పొడిచి చంపి, తానును అచ్చటనే ప్రాణములు విడిచెను. ఈ కథను మన పల్లెలలో జంగముకథగాను, బుర్రకథగాను తరతరములుగా పాడుచున్నారు. పాట అక్కడితో ముగియును గాని చరిత్ర అక్కడితో ముగియలేదు.

గెలిచిన విజయనగరమునకు ఏమి లాభము కలిగినది? మొదట గొప్ప లాభమే కలిగినది. విజయరామరాజు తరువాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివారిని విడిచి ఇంగ్లీషువారిని ఆహ్వానించెను. కర్నలు ఫోర్డు సేనతో కూడి 1758 డిసెంబరులో చందుర్తివద్ద ఫ్రెంచివారిని ఓడించెను. అటుపిమ్మట చిన విజయరామరాజు కాలమున ఆయన అన్నయగు సీతారామరాజు అధికారము చెలాయించుచు పొరుగు జమీందారులను, కొండదొరలను లోబరచుకొనెను. విజయనగర సంస్థానము కళింగసీమలో సాటిలేని బలమైనది. అయితే ఆ బలములో ఒక లోపము కలదు. అది చుట్టుప్రక్కలవారి ఇష్టముపై నిలిచినది కాదు. వారిని అణచి యుంచుటపై నిలిచినది. ఆ అణచుటకు వలసిన అండ ఇంగ్లీషు కుంపిణీ చేతిలో నున్నది. అండ నిచ్చినవాడు అడిగినంత కప్పము చెల్లింపవలెను గదా!

కప్పము బకాయి పడెను. కుంపిణీవారు చిన విజయరామరాజును రాజ్యము విడిచి మచిలీపట్నమునకు పోయి యుండుమని ఆజ్ఞాపించిరి. ఆయన పోలేదు. తనను నమ్మినవారితో పద్మనాభము చేరెను. అచ్చట 1794 జూలై 10వ తేదీన కుంపిణీ సేనతో పోరాడి వీరస్వర్గ మలంకరించెను. ముప్పదియేడేండ్ల క్రిందట ఏ పరాయిబలము ఆ రాజ్యమును పైకెత్తెనో అటువంటి పరాయిబలమే దానిని క్రింద పడవేసెను. విజయనగరము క్రింద అణగియుండిన కొండజమీందారుల భూములు మరల వారి వారికే పోయెను. చాలకాలము బందీగా నుండి, తప్పించుకొని నిజాము రాజ్యమున తలదాచుకొన్న బొబ్బిలి చిన రంగారావునకు గూడ తండ్రి రాజ్యము ఆ సమయముననే తిరిగి వచ్చెను. ఒక సంస్థానము పతనమును, వేరొక సంస్థానము పునరుద్ధరణమును ఒక్క ఏడే జరుగుట గమనింపదగినది. రెండింటిని నడపినది ఒకే హస్తము. తన స్థితి తన చేతిలో లేనివానికి జయమును నిలువదు, అపజయమును నిలువదు.

ఆ పిమ్మట కుంపిణీవారు శాశ్వత శిస్తు నిర్ణయ పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఆ పద్ధతి ఎట్టిదనగా, జమీందారు ప్రభుత్వమునకు ఏటేట చెల్లింపవలసిన పేష్కషును ఒకే పర్యాయము నిర్ణయించి, దానిని ఇక పెంచబోమని సనదు వ్రాసియిచ్చుట. జమీందారు ఆ మొత్తమును చెల్లించునంతవరకు ఎస్టేటు ఆయనదే. చెల్లింపనిచో జప్తుచేసి వేలము వేయుదురు. 1801లో బొబ్బిలికి సుమారు 90 వేల రూపాయలు, 1802లో విజయనగరమునకు 5 లక్షల రూపాయలు పేష్కషుగా నిర్ణయించిరి. ఈ అంకెలను బట్టియే రెండు సంస్థానముల తారతమ్యము తెలియుచున్నది. నాటినుండి కోటలపై దండయాత్రలు లేవు. రాజుల బలము కత్తిలో గాక లెక్కపుస్తకములో నుండెను. జమాఖర్చులు సరిగా నడుపుకొన్నవాడు నిలిచెను, నడుపుకొనలేనివాడు అప్పులపాలయ్యెను. విజయనగరపు నారాయణ గజపతి కాలమున ఎస్టేటు ఋణములలో మునిగి కలెక్టరు పాలనక్రిందికి పోయెను. ఆయన 1845లో కాశీయందు కన్నుమూసెను. బొబ్బిలికి మరియొక చిక్కు కలిగెను. వారసులు లేకపోగా వెంకటగిరి రాజకుమారుని దత్తు తీసికొనిరి. ఆయనయే శ్వేతాచలపతి రంగారావు. పూర్వము వారసత్వపు తగవులు యుద్ధములగుచుండెను. ఇప్పుడు దత్తపత్రముతో తీరినవి. ఇది స్థైర్యమునకు గుర్తు.

స్థైర్యము కుదిరిన పిదప అభివృద్ధి ఆరంభమైనది. ఇందులో విజయనగరము ముందంజ వేసినది. 1857లో అచ్చట నెలకొల్పిన పాఠశాల 1879లో కళాశాలగా వృద్ధిపొందెను. 1860లో సంస్కృత కళాశాల వెలసెను. గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి విజయనగరము బడిలో సహాధ్యాయులు. ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నము జిల్లాలో కన్యాశుల్క వివాహములను లెక్క వ్రాయింపగా మూడేండ్లలో 1034 వివాహములు తేలినవి. ఆ దురాచారముపై అప్పారావు రచించిన 'కన్యాశుల్కము' 1892లో ప్రదర్శింపబడి, 1897లో మహారాజునకు అంకితముగా అచ్చు పడెను. మాక్సుముల్లరు పండితుని ఋగ్వేద ద్వితీయ ముద్రణమునకు ధనసహాయము చేసినది గూడ విజయనగరపు ప్రభువులే. 1919లో సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు. ద్వారం వేంకటస్వామినాయుడు అచ్చట ఫిడేలు నేర్పెను. ఘంటసాల, సుశీల అచ్చట శిక్షణ పొందినవారే.

బొబ్బిలి రాబడి విజయనగరము రాబడిలో కొలది భాగమే. అందుచేత అచ్చటి అభివృద్ధి మరియొక మార్గమున సాగెను. బొబ్బిలి సమీపమునగల గొల్లపల్లి గ్రామమున సర్వసిద్ధి కుటుంబములవారు పనసకర్రతో వీణలు చేయుదురు. ఒకే మ్రానునుండి కుండ, దండి, మెడ తొలిచి చేయు ఏకాండి వీణకు బొబ్బిలి వీణ యని ప్రసిద్ధి. 2011లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. శ్వేతాచలపతి రంగారావు తమ సంస్థాన చరిత్రను స్వయముగా ఆంగ్లమున గ్రంథస్థము చేసెను. ఆ వంశమునకే చెందిన రామకృష్ణ రంగారావు 1932లో మదరాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రి యయ్యెను. కోట పోగొట్టుకొన్న చిన్న సంస్థానమునుండి వచ్చినవాడు, సుమారు నూట డెబ్బదియైదేండ్లకు అంత పెద్ద రాష్ట్రమును ఏలుట సామాన్యవిషయము కాదు.

ఇంతవరకు చెప్పినది కోటలోపలి సంగతి. కోటవెలుపలి రైతు సంగతి యేమి? శాశ్వత నిర్ణయమున జమీందారు చెల్లింపవలసిన పేష్కషు మాత్రమే శాశ్వతమైనది. రైతు చెల్లింపవలసిన శిస్తునకు అట్టి హామీ లేదు. అనగా స్థైర్యము దివాణమువరకు వచ్చి, పొలమువరకు రాలేదు. 1908లో ఎస్టేటు భూముల చట్టము రైతునకు తన కమతముపై హక్కు కల్పించెను గాని బాధలు తీరలేదు. 1937-38లో రైతులు ఇచ్ఛాపురము నుండి మదరాసు వరకు రక్షణయాత్ర చేసిరి. 1940లో మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున పోలీసు కాల్పులలో గున్నమ్మ యను రైతుబిడ్డ నేలకొరిగెను. ఆమెను నేటికిని వీరగున్నమ్మ యని శ్రీకాకుళము జిల్లావారు స్మరింతురు. అంతకుముందే 1937 ఎన్నికలలో సాక్షాత్తు బొబ్బిలి నియోజకవర్గమున ప్రజలు రాజావారిని కాదని వి. వి. గిరిని గెలిపించిరి. తుదకు 1948లో మదరాసు ఎస్టేటుల రద్దు చట్టము వచ్చి జమీందారీ పద్ధతినే తొలగించినది. ఫిరంగులు చేయలేని పనిని ఓటు చీటీ చేసినది.

మన రెండు సంస్థానముల విషయము ఇతర దేశములకును వర్తించును. ఆఫ్రికా పడమటి తీరమున గినియా-బిస్సావు, దానికి వాయవ్యముగా సముద్రములో కేప్ వెర్డి యను చిన్న దేశములు కలవు. రెంటిని ఏలినది పోర్చుగీసువారు. రెంటి స్వాతంత్ర్యమునకై పోరాడినది ఒకే పక్షము. గినియా-బిస్సావు 1974లోను, కేప్ వెర్డి 1975లోను విముక్తి పొందెను. మొదటిది వానలు, పంటలు గల నేల. రెండవది కరవు దీవులు. అయినను గినియా-బిస్సావులో 1980 మొదలు సేన పలుమారులు ప్రభుత్వమును కూలద్రోసెను. 1998లో అంతర్యుద్ధము చెలరేగెను. కేప్ వెర్డిలో 1991 ఎన్నికలలో ఓడిన పక్షము కలహము లేక అధికారమును అప్పగించెను. 2007 నాటికి ఆ దీవులు మిక్కిలి వెనుకబడిన దేశముల పట్టికనుండి బయటపడెను. నేలసారము కంటె కట్టుబాటు ముఖ్యమని దీనివలన తెలియుచున్నది.

నేడు విజయనగరమునను రాజు లేడు, బొబ్బిలియందును రాజు లేడు. 1958లో విద్యాసంస్థలకై మాన్సాస్ ధర్మసంస్థ యేర్పడి, శత్రువులను ఆపుటకు కట్టిన విజయనగరము కోటలో విద్యార్థులు పాఠములు చదువుకొనుచున్నారు. గొల్లపల్లిలో ఉలి చప్పుడు వినబడుచున్నది. పేష్కషు పోయినది, సనదు పోయినది, సింహాసనము పోయినది. పదిమందికి పంచిన చదువు, పదిచేతులు నేర్చిన పని మాత్రము మిగిలినవి. రాజ్యము పెద్దదా చిన్నదా, గెలిచినదా ఓడినదా యని గాక, అందలి కట్టుబాటు కోటవాకిటనే నిలిచినదా, పొలముగట్టువరకు చేరినదా యని విద్యార్థులు ప్రశ్నింప నేర్వవలెను. చరిత్ర చదువుటవలన కలుగు ప్రయోజన మదియే.