వత్తితో నీరు త్రాగు మొక్కలు

కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు కట్టివేసిన వేసవిలో నందివెలుగు గృహిణికి బిందెడు నీరైనను విలువగలదే. పెరడు లేని యిండ్లవారు ఆ కొద్ది నీటితో, మన్ను లేకయే, ఆకుకూరలు పెంచుకొను విధమును తెలుపుచున్నాము. పెరడున్నవారికి మన్నే మేలు.

దీపపు వత్తి నూనెను లాగునట్లే నూలుపేలిక నీటిని పైకి లాగును. అడుగున రంధ్రముగల కుండీలో కొబ్బరిపొట్టు నింపి, వత్తిని సగమువరకు అందు పాతి, రెండవ కొనను క్రింది తొట్టి నీటిలో విడువవలెను. పొట్టులో ఉప్పుండును గనుక రెండు మూడు మారులు కడుగక వాడరాదు. వత్తిని, పొట్టును ముందుగా తడుపనిదే నీరు పైకి లేవదు.

ఒట్టి నీటితో మొక్క బ్రదుకదు. 1930 తరువాతి సంవత్సరములలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు గెరికె పండితుడు లవణములు కరగిన నీటిలోనే టొమాటోలు పండించి చూపెను. లవణములనగానే మన రైతు యూరియా చేతబట్టును; అది యిచట కొఱగాదు. పొలములో దానిని మార్చి మొక్కకందించు సూక్ష్మజీవులు ఈ తొట్టిలో చాలినన్ని యుండవు. నైట్రేటు రూపమున నత్రజని, భాస్వరము, పొటాషు, సున్నము, మెగ్నీషియము, ఇనుము మొదలగునవి గల తయారుమిశ్రమమును కొని, డబ్బాపై వ్రాసిన పాలులో సగముతో మొదలిడవలెను.

వత్తి మోయు నీరు స్వల్పము. తోటకూర, పాలకూర, కొత్తిమీరలకది చాలును. కాపుమీదున్న టొమాటో, వంగ మధ్యాహ్నపుటెండకు వాడిపోవును. మేమెంత చెప్పినను ఉత్సాహవంతులు వంగనారే తెత్తురు!

తొట్టికి మూత తప్పదు. వెలుతురు సోకిన పాచి పట్టును. తెరచియుంచిన డెంగ్యూ దోమ గ్రుడ్లు పెట్టును. వారమునకొకమారు కుండీని పైకి తీసి, మంచినీరు ధారాళముగా పోసి, కారిన నీటిని పారబోయుడు. లేనియెడల లవణములు పేరుకొని ఆకుల యంచులు మాడును.