తిరగని బంతి

1960లో బాల్టిమోర్ ఓరియోల్స్ అనే అమెరికా బేస్‌బాల్ జట్టు తన క్యాచర్ కోసం ఓ వింత గ్లవ్ చేయించింది. దాని చుట్టుకొలత 45 అంగుళాలు. చూడ్డానికి చిన్న చేటలా ఉండేది. జట్టు మేనేజర్ పాల్ రిచర్డ్స్‌కు ఆ ఆలోచన రావడానికి కారణం ప్రత్యర్థులు కాదు, బంతి విసిరే సొంత పిచ్చర్ హోయ్ట్ విల్‌హెల్మ్. అతడి బంతి బ్యాటర్‌నే కాదు, వెనక కూర్చుని పట్టాల్సిన క్యాచర్‌నూ ముప్పుతిప్పలు పెట్టేది.

ఆ బంతి పేరు నకుల్ బాల్. 2011 క్రికెట్ ప్రపంచకప్‌లో జహీర్ ఖాన్ వేసిన నకుల్ బాల్‌కు ఆ పేరు బేస్‌బాల్ నుంచి వచ్చిందే. నకుల్ అంటే వేలి కణుపు. విల్‌హెల్మ్ మాత్రం చూపుడు వేలు, మధ్య వేలి కొసలను బంతికి ఆనించి, దాదాపు తిరగకుండా నెట్టినట్టు వదిలేవాడు. గిర్రున తిరిగే బంతి ఎటు వంగుతుందో అనుభవమున్న బ్యాటర్ ఊహించగలడు. తిరగని బంతి విషయంలో ఆ వీలుండదు. పైకి పొడుచుకొచ్చిన కుట్లు గాలికి ఒకవైపు ఒకలా, ఇంకోవైపు ఇంకోలా అడ్డుపడతాయి. బంతి కొద్దిగా కదిలి కుట్ల స్థానం మారితే గాలి తోపు కూడా దిశ మారుస్తుంది. అందుకే అది దారి తప్పిన సీతాకోకచిలుకలా ఊగుతూ వస్తుంది. ఎటు పోతుందో విసిరినవాడికీ తెలియదు.

విల్‌హెల్మ్‌కు ఈ విద్య నేర్పిన గురువంటూ ఎవరూ లేరు. నార్త్ కరోలినాలో చదువుకునే రోజుల్లో డచ్ లియోనార్డ్ అనే పిచ్చర్ పట్టును పత్రికలో చూసి, టెన్నిస్ బంతితో సాధన మొదలెట్టాడు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. బల్జ్ పోరాటంలో గాయపడి పర్పుల్ హార్ట్ పతకం అందుకున్నాడు. తిరిగొచ్చాక చిన్న లీగుల్లోనే ఏళ్లు గడిచాయి. 1952లో న్యూయార్క్ జెయింట్స్ పిలిచేసరికి అతడికి 29 ఏళ్లు.

ఆ ఏప్రిల్‌లో బ్యాట్ పట్టిన మొదటిసారే హోమ్ రన్ కొట్టాడు. మొత్తం 21 సీజన్లు ఆడినా ఇంకొకటి కొట్టలేదు! బంతితో మాత్రం తొలి ఏడాదే 71 మ్యాచ్‌ల్లో 15 గెలుపులు సాధించాడు. ఎక్కువగా అతడు మ్యాచ్ మధ్యలో వచ్చి పిచ్చింగ్ అందుకునే రిలీఫ్ పిచ్చర్. అయినా 1958 సెప్టెంబర్ 20న మొదటి నుంచీ తానే విసిరి, న్యూయార్క్ యాంకీస్‌కు ఒక్క హిట్ కూడా దక్కనివ్వలేదు. అప్పటికి అతడు ఆడుతున్న ఓరియోల్స్ 1-0తో గెలిచింది. ఆ ఒక్క పరుగు క్యాచర్ గస్ ట్రియాండోస్ కొట్టిన హోమ్ రన్. విల్‌హెల్మ్ బంతులు పట్టుకోలేక నానా తంటాలు పడ్డవాడే మ్యాచ్ గెలిపించాడు.

విల్‌హెల్మ్ మొత్తం 1,070 మ్యాచ్‌ల్లో విసిరాడు. 1972 జులైలో చివరి మ్యాచ్ ఆడేనాటికి 50 ఏళ్లు నిండడానికి 16 రోజులే మిగిలాయి. 1985లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. రిలీఫ్ పిచ్చర్లలో ఆ గౌరవం పొందిన మొదటివాడు అతడే.

ఆడినన్నాళ్లూ రికార్డుల్లో అతడి పుట్టిన సంవత్సరం 1923గా ఉండేది. అసలైనది 1922. ఆ తేడా మైదానంలో ఎవరికీ కనిపించలేదు. పిచ్చర్ వయసును పట్టించేది తగ్గిపోయే వేగం. విల్‌హెల్మ్ బంతిలో తగ్గడానికి అంత వేగం ఎన్నడూ లేదు.