కరువు ముందుగా తక్కెట్లో కనిపిస్తుంది

సరుకు ప్రియమైనప్పుడు అంగడి ఖాళీ కాదు. అరల్లో అన్నీ ఉంటాయి, తక్కెట్లో తూకమే తగ్గుతుంది. రాయదుర్గం పక్క పల్లెలో మా అత్త పెట్టిన కిరాణా అంగడిని ఇప్పుడు నేను నడుపుతున్నాను. ధర ఎక్కిన ప్రతిసారీ నాకు మొదట తెలిసేది ఒక్కటే. కిలో కందిబేడలు కొనే ఆమె వచ్చి "యాభై రూపాయలకు ఇయ్యక్కా" అంటుంది. కిలోల లెక్క పోయి రూపాయల లెక్క వచ్చిందంటే ఆ ఇంట్లో పప్పు పలచబడిందని అర్థం. తర్వాత లీటరు నూనె పావు లీటరుకు దిగుతుంది. ఆపైన అప్పు పుస్తకం నిండుతుంది. బియ్యం ఒక్కటే తగ్గదు, ఎందుకంటే అది రేషన్‌లో వస్తుంది.

"ధరలు ఇంకా పెరుగుతాయంట, ఏం కొనిపెట్టుకోవాల?" అని చాలామంది అడుగుతుంటారు. సరుకు అమ్మి బతికే మనిషినే అయినా, బస్తాలు కొని పేర్చుకోమని నేను చెప్పను. దూరం నుంచి వచ్చే సరుకు మీద ఆధారపడటం తగ్గించుకొని, మన నేలలో పండే గింజను మళ్ళీ ఇంట్లోకీ చేనులోకీ తెచ్చుకోవాలి. అనంతపురం లాంటి కరువు సీమకు నాకు తెలిసిన అసలైన సన్నద్ధత అదే.

ధర ఎక్కడో పుడుతుంది

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైంది. ప్రపంచానికి పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా అమ్మే దేశం అదే. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే, ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసి మే 23 దాకా తలుపులు తెరవలేదు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుంచి కొనేదే. అందుకే జకార్తాలో తీసుకున్న నిర్ణయం మా ఊరి పోపు గరిటె దాకా వచ్చింది.

మరుసటి ఏడు టమాటా వంతు. 2023 జులై నాటికి మదనపల్లె మార్కెట్లో కిలో ధర రెండు వందల రూపాయల దరిదాపులకు పోయింది. నెలలు తిరగకుండానే ధర పడిపోయి, కోత కూలి కూడా రాక రైతులు కాయను పారబోసుకునే స్థితి వచ్చింది. అదే జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. అమెరికాలో మనవాళ్ళు అంగళ్ళ ముందు వరుసకట్టి బస్తాల మీద బస్తాలు మోసుకుపోవడం టీవీల్లో చూశాం. భయంతో ఒకరు పది బస్తాలు ఎత్తుకుపోతే వెనకున్నవాడికి లేకుండా పోతుంది, ఉన్నదాని ధర ఇంకా ఎక్కుతుంది. డబ్బున్నవాళ్ళ ఆరాటానికి లేనివాళ్ళు మూల్యం చెల్లిస్తారు. భయంతో కొనిపెట్టుకునే నిల్వలు వద్దని నేననేది అందుకే.

శెనక్కాయ పండించి పామాయిల్ కొంటున్నాం

మన జిల్లాలో ఏడాదికి పడేది సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ వరుసగా పడదు. విత్తనం వేశాక నెలరోజులు మొగం చాటేసి, కోతలప్పుడు ముంచుతుంది. ఒకప్పుడు ఈ ఎర్రనేలల్లో కొర్ర, సద్ద, జొన్న, ఆరిక, ఉలవ, అలసంద, అనుము అన్నీ పండేవి. ఒకటి ఎండితే ఇంకొకటి నిలిచేది. శెనక్కాయకు రొక్కం వస్తుందని చేలన్నీ దానికే ఇచ్చేశాం. ఉమ్మడి జిల్లాలో సాగుభూమిలో ఎక్కువ భాగం ఆ ఒక్క పంటకే పోయింది. వాన తప్పిన ఏడు చేతికి డబ్బూ రాదు, ఇంట్లో గింజా ఉండదు, పశువుకు కట్టె కూడా దొరకదు.

శెనక్కాయ తప్పుడు పంట అని నేననడం లేదు. కదిరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6, కదిరి లేపాక్షి రకాలు ఎన్నో ఇళ్ళను నిలబెట్టాయి. తప్పంతా దాన్నొక్కదాన్నే నమ్ముకోవడంలో ఉంది. పండిన కాయంతా కళ్ళంలోనే వ్యాపారికి తూచి, ఆ డబ్బుతో మా అంగట్లో పామాయిల్ ప్యాకెట్ కొనుక్కుపోయే రైతును చూసినప్పుడు నాకు కడుపు తరుక్కుపోతుంది. గానుగలో ఆడించిన నూనె ఆరునెలలకు సరిపడా ఇంట్లో పెట్టుకుంటే, ఇండోనేషియా ఏం చేసినా ఆ ఇంటికి భయం లేదు.

ధాత కరువు నేర్పింది

1876-78 నాటి మహా కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. అప్పుడు మన ప్రాంతం బళ్ళారి జిల్లాలో ఉండేది. 1882లోగానీ అనంతపురం వేరు జిల్లా కాలేదు. జనం లక్షల్లో చనిపోతున్నప్పుడు కూడా దేశంలోంచి ధాన్యం ఓడలెక్కింది. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను గింజ, అంటే సుమారు 450 గ్రాములు, దానిపైన ఒక అణా చాలని 1877లో బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. దానితో మనిషి బతకడని మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ కార్నిష్ ఎదురు నిలిచాడు. ఆ చావుల తర్వాతే 1880లో కరువు కమిషన్ నివేదిక, దాని వెనక కరువు నియమావళి వచ్చాయి. 1951-52 కరువులో కూడా రాయలసీమలో గంజి కేంద్రాలు నడిపితే తప్ప జనం బతకలేదు.

మనుషులు ఆకలితో చచ్చేది తిండి లేక కాదు, ఉన్న తిండిని కొనే శక్తి పోవడం వల్ల అని ఆర్థికవేత్త అమర్త్యసేన్ 1981లో రాసిన పుస్తకంలో వివరించాడు. అంగట్లో కూర్చునేవాళ్ళకు ఈ మాట రోజూ కళ్ళముందే రుజువవుతుంది. అందుకే మనల్ని కాపాడిన పనులు రెండనుకుంటాను. ఒకటి చౌక బియ్యం. ఎన్టీ రామారావు 1983లో కిలో రెండు రూపాయలకు మొదలుపెట్టింది, 2013 ఆహార భద్రతా చట్టంతో మనిషికి నెలకు ఐదు కిలోల హక్కయింది. 2023 జనవరి నుంచి ఆ హక్కు కింద గింజలు ఉచితంగా ఇస్తున్నారు. రెండోది ఉపాధి పని. 2006 ఫిబ్రవరి 2న దేశం మొత్తానికీ ఆ పథకం మొదలైంది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఈ రెండూ సడలిపోకుండా చూసుకోవడం కూడా సన్నద్ధతే. రేషన్ కార్డులో పిల్లల పేర్లు లేకపోతే ఇప్పుడే ఎక్కించుకోండి. అవసరం ముంచుకొచ్చాక ఆ పని జరగదు.

అయితే బియ్యంతో కడుపు నిండుతుందే తప్ప ఒంటికి బలం రాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దమనిషికి రోజుకు 85 గ్రాముల పప్పుధాన్యాలు కావాలి. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు సుమారు పది కిలోలు. మా అంగట్లో అంత కొనే ఇల్లు ఒక్కటీ లేదు. కరువు నిజంగా కొట్టేది అక్కడ.

ఇంట్లో ఏం దాచాలి, ఎలా దాచాలి

పప్పంటే కందే కానక్కరలేదు. ఉలవలు, అలసందలు, పెసలు, అనుములు మన మెట్టచేలలో వచ్చేవే. కోతల కాలంలో ఊరి రైతు దగ్గరే నేరుగా కొనండి. ఆయనకూ మంచి ధర, మీకూ చౌక.

కొర్ర, సామ, ఆరిక పొట్టుతోనే దాచాలి. పొట్టుంటే ఏళ్ళు నిలుస్తాయి, బియ్యంగా ఆడిస్తే కొద్ది నెలలకే వాసన వస్తాయి. సద్దపిండి వారం దాటితే చేదెక్కుతుంది కాబట్టి గింజగా ఉంచి, కావలసినప్పుడే విసురుకోవాలి. రాగికి పురుగు సులభంగా పట్టదు, దాన్ని మించి నిల్వ ఉండే గింజ మనకు లేదు. దాచే ముందు ఏ గింజైనా పంటికింద టక్కుమని విరిగేదాకా ఎండాలి. కందులకు ఎర్రమట్టి పట్టించడం, బేడలకు ఆముదం రాయడం, నీడలో ఎండిన వేపాకు కలపడం మన అవ్వలు చేసినవే, ఇప్పటికీ పనికొస్తాయి. పురుగు కోసం వాడే విషపు బిళ్ళలు మాత్రం ఇంట్లో పెట్టకండి. వాటి గాలి నిద్రలోనే మనుషులను చంపుతుంది. బూజు పట్టిన శెనక్కాయను కూడా ఏరి పారేయండి, ఆ బూజులో కాలేయాన్ని తినే విషముంటుంది.

టమాటా, గోరుచిక్కుడు, వంకాయ చౌకగా ఉన్న రోజుల్లో కోసి ఎండబెట్టి ఒరుగులు చేసుకుంటే, ప్రియమైన నెలల్లో పులుసుకు లోటుండదు. ఇక్కడ ఎండకు కొదవ లేదు కదా.

చేనులో, ఊళ్ళో

ఏడు సాళ్ళ శెనక్కాయకు ఒక సాలు కంది వేయండి. గట్లవెంట అలసంద, ఆముదం పెట్టండి. ఒక్క ఎకరా కొర్రకు ఇవ్వండి. నంద్యాల పరిశోధనా కేంద్రం ఇచ్చిన సూర్యనంది రకం 70-75 రోజుల్లో చేతికొస్తుంది. వాన ఆగస్టు దాటినా ఉలవ వేసుకోవచ్చు.

ఒక ఇల్లు చేయలేనిది ఊరు చేయగలదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు 1990లలోనే బీడు భూములు దున్ని, తీసుకున్న అప్పును జొన్నల రూపంలో తీర్చి, ఆ జొన్నలతోనే ఊరి గింజల నిధి పెట్టి, పేదిళ్ళకు తక్కువ ధరకు ఇచ్చారు. మన చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ వెన్నుదన్నుతో రైతులు ధరణి సహకార సంఘం పెట్టుకొని చిరుధాన్యాలను తామే కొని, ఆడించి, అమ్ముకుంటున్నారు. ప్రతి పల్లెలో పొదుపు సంఘం ఉంది. దానిలో డబ్బుతో పాటు గింజ కూడా పొదుపు చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ప్రభుత్వానికీ ఒక మాట. 2023లో రాయలసీమలో రేషన్ బియ్యం బదులు కొంత రాగులు ఇవ్వడం మొదలుపెట్టారు. అది మానకుండా, ఇక్కడి రైతు దగ్గరే కొని, కొర్ర, సద్ద, ఉలవ కూడా కలిపి ఇవ్వాలి. కొనేవాడుంటేనే రైతు విత్తుతాడు.

వచ్చే ఖరీఫ్‌కు విత్తనాలు తెచ్చుకునే రోజున మూడు సేర్ల కొర్రలు, రెండు సేర్ల అలసందలు కూడా తెచ్చుకోండి. పండింది అమ్మే ముందు ఇంటికి ఏడాదికి సరిపడా తీసి పక్కన పెట్టండి. మా అంగట్లో మీరు కొనేది తగ్గితే నాకు నష్టమేమీ లేదు. అప్పు పుస్తకం పలచబడితే అంతకంటే మంచి వ్యాపారం నాకు ఇంకోటి లేదు.