రంగంలో వికటకవి

యాంగోన్‌ని మా ఇంట్లో ఇప్పటికీ "రంగం" అనే అంటారు. మా అమ్మమ్మ వాళ్ళు 1942లో అక్కడినించి ప్రాణాలు అరచేత పట్టుకుని తిరిగొచ్చిన కాందిశీకులు. ఆవిడ చెల్లెలు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఈమధ్య సింగపూరు నించి పనిమీద రంగం వెళ్ళినప్పుడు, ఆ చెల్లెలి మునిమనవడు, వరసకి నాకు మేనల్లుడు, నన్నో టీ కొట్టుకి తీసుకెళ్ళాడు. పొట్టి ప్లాస్టిక్ పీట మీద కూర్చోబెట్టి సూటిగా అడిగాడు.

"మావయ్యా, ఇంక ప్రోగ్రామింగు నేర్చుకోవడం దండగేనా?"

ఈ ప్రశ్న మీకూ ఎదురయే ఉంటుంది. ఊరినించి పిన్నిగారో బాబాయిగారో ఫోను చేసి "మావాణ్ణి కంప్యూటర్ సైన్సులో చేర్చమంటావా, మానమంటావా?" అని అడిగే ఉంటారు. కాని ఈ కుర్రాడు అడగడంలో బరువు వేరు. వాడికి ఇరవయ్యొకటి. 2024 ఫిబ్రవరిలో అక్కడి సైనిక ప్రభుత్వం పద్ధెనిమిది నించి ముప్ఫయ్యైదేళ్ళ లోపు మగపిల్లలకి నిర్బంధ సైనిక సేవ అమల్లోకి తెచ్చింది. ఆ మే నెలలో మగవాళ్ళు విదేశాల్లో ఉద్యోగానికి వెళ్ళే అనుమతులు ఆపేసింది. ఇంట్లో కూర్చుని బయటిదేశాల వాళ్ళకి పని చేసిపెట్టడం తప్ప వాడికి వేరే దారి కనపడటంలేదు. ఆ చదువుకి రెండేళ్ళు పెట్టాలా వద్దా అన్నది వాడి ప్రశ్న.

"నేర్చుకో, బంగారు భవిష్యత్తు" అనలేకపోయాను. 2024 ఫిబ్రవరిలో ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ దుబాయిలో మాట్లాడుతూ, ఇంకమీదట ఎవరూ ప్రోగ్రామింగు చెయ్యనక్కరలేని కంప్యూటర్లు తయారుచెయ్యడమే తమ పని అన్నాడు. ఆయన చిప్పులు అమ్ముకునే మనిషి, ఆ మాటకేం గాని, అంకెలున్నాయి. 2025 ఆగస్టులో స్టాన్‌ఫర్డు పరిశోధకులు ప్రకటించిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో 22 నించి 25 ఏళ్ళ వయసున్న సాఫ్టువేరు ఉద్యోగుల సంఖ్య 2022 చివరి నించి దాదాపు 20 శాతం తగ్గింది. పెద్ద వయసు వాళ్ళ విషయంలో అంత తరుగు లేదు. అంటే మొదటి మెట్టే విరుగుతోందన్నమాట.

టీ తాగి రేవు వైపు నడిచాం. ఒకప్పుడు ఈ రేవులో మూటలు మోసింది ఎక్కువగా మన తెలుగు కూలీలే. 1930 మే లో వాళ్ళు కూలి పెంచమని సమ్మె కడితే, బదులుగా బర్మావాళ్ళని పన్లో పెట్టుకున్నారు. సమ్మె తీరి పాతవాళ్ళు రాగానే కొత్తవాళ్ళని పొమ్మన్నారు. దాంతో ఊళ్ళో అల్లర్లు చెలరేగి ఎంతోమంది తెలుగువాళ్ళు చచ్చిపోయారు. మూట మొయ్యడం ఒక్కటే వచ్చినవాడి బదులు ఇంకొకణ్ణి నిలబెట్టడం ఎంత తేలికో! ఇప్పుడు ఆ ఇంకొకడు మనిషి కూడా కాదు.

ఈ మాట పైకి అనేసి, వాడి మొహం చూసి నొచ్చుకున్నాను. వాడు మాత్రం "ఒకటి చూపిస్తాను రా మావయ్యా" అని ఇంటికి తీసుకెళ్ళాడు.

వాళ్ళ నాన్నకి చిన్న బియ్యం కొట్టుంది. అరువు ఖాతాలన్నీ పదేళ్ళుగా కంప్యూటర్లోనే. అందులో పేరు వెతికి బాకీ చూపించే ప్రోగ్రాము రాయమని వాడు ఏఐని అడిగాడు. అది పది నిమిషాల్లో రాసిచ్చింది. తనే పరీక్షలు కూడా రాసుకుని, అన్నీ నెగ్గింది. వారం తిరక్కుండా, నెలలుగా అప్పున్న మనిషికి "బాకీ లేదు" అని చూపించింది. కొట్టుకి నష్టం, నాన్నకి కోపం. తప్పేమిటో ఏఐని అడిగితే కోడు సరిగ్గానే ఉందంది. నిజానికి కోడు సరిగ్గానే ఉంది కూడా.

తప్పు పేర్లలో ఉంది. మన తెలుగుకి ఒకప్పుడు పత్రికకొక ఫాంటు ఉండేది గుర్తుందా? ఈనాడుకొకటి, వార్తకొకటి. ఫాంటు లేకపోతే తెరమీద ఇంగ్లీషు గజిబిజి కనపడేది. బర్మీసుకి వచ్చిన చిక్కు ఇంకా గడుసుది. జాజీ అనే ఫాంటు యూనికోడు బర్మీసుకి కేటాయించిన అంకెలనే వాడుకుంది, కాని తన పద్ధతిలో. ఉదాహరణకి, బర్మీసులో ఏ-కారపు గుర్తు కంటికి హల్లుకి ముందు కనపడుతుంది. యూనికోడు దాన్ని హల్లు తరవాత దాస్తుంది. జాజీ కనపడిన వరసలోనే ముందు దాస్తుంది. అంకెలు రెంటికీ ఒకటే కాబట్టి ఏది జాజీయో ఏది యూనికోడో పైకి తెలిపే గుర్తేమీ ఉండదు. దేశం దేశమంతా ఏళ్ళ తరబడి జాజీలోనే రాసింది. 2019 అక్టోబరు 1న అధికారికంగా యూనికోడుకి మారారు. కొట్టు పద్దులో పాత పేర్లు జాజీ, కొత్తవి యూనికోడు. కొత్త ఫోనులో టైపు చేసిన పేరు పాత పేరుతో కలవక, ప్రోగ్రాము ఆ మనిషికి సున్నాతో కొత్త ఖాతా తెరిచింది!

కుర్రాడు ఒక్కో పేరుకీ వెనకున్న అంకెలు అచ్చువేసి, పక్కపక్కన పెట్టి చూసి, ఈ సంగతి పట్టుకున్నాడు. ఫలానా అక్షరాలు జాజీయా యూనికోడా అని సంభావ్యత లెక్కతో ఊహించే పనిముట్టు ఒకటి గూగుల్ 2018లో విడుదల చేసింది. కాని పేర్లలాంటి పొట్టి మాటల్లో ఊహ తప్పే వీలెక్కువ. అందుకని అనుమానమున్న పేర్లని విడిగా తీసి నాన్నకి చూపించాలని నిర్ణయించుకున్నాడు. ఇదంతా విడమరచి చెప్పాక ఏఐ మారుమాట లేకుండా రెండు నిమిషాల్లో కొత్త కోడు రాసిచ్చింది.

నాకు సరదా పుట్టి ఇంకో పరీక్ష పెట్టాను. మనందరం ఇంటర్వ్యూల్లో రాసిందే: ఎటునించి చదివినా ఒకటేగా ఉండే మాటని గుర్తుపట్టే ప్రోగ్రాము. ఏఐ ఇచ్చిన మొదటి జవాబు మాటని తిరగేసి పోల్చడం. "మేడమ్" అని ఇంగ్లీషులో కొడితే అవునంది. తెలుగులో "వికటకవి" అని కొడితే కాదంది! కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించి నవ్వాడు. "వి అంటే మనకి ఒక అక్షరం, దానికి వ, గుడి, రెండు. తిరగేస్తే గుడి ముందుకొచ్చేసింది మావయ్యా." నిజమే, తిరగేస్తే ముందు ఒంటరి గుడి, దాని తరవాత "వకటకివ". అక్షరాల లెక్కన పోల్చమని చెప్పగానే ఏఐ దిద్దుకుంది. చెప్పేవాడుంటే దిద్దుకుంటుంది.

ఇది ఏఐ తప్పు మాత్రమే కాదు. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరంలో కంటికి కనపడని గుర్తొకటి చేరితే ఐఫోన్లు కుప్పకూలాయి. ఆ కోడు రాసింది మనుషులే. మన అక్షరాలతో పరీక్షించి చూసేవాళ్ళు లేని చోట ఎవరు రాసినా అంతే. ఏఐ వచ్చాక అలాంటి కోడు ఎన్నో రెట్లు వేగంగా పోగుపడుతోంది, అదీ తేడా.

అందుకని వాడికి చివరికి ఇలా చెప్పాను. "ఉద్యోగం వస్తుందని నేను మాటివ్వలేను. కోడు టైపు చెయ్యడం నేర్చుకోడానికైతే రెండేళ్ళు దండగే. అచ్చువేసి అంకెలు చూశావే, ఆ చూపు కోసమైతే నేర్చుకో. మీ నాన్న పద్దులో ఏముందో, మీ భాష ఎలా దాగుందో తెలిసినవాడికే ఆ తప్పు దొరికింది. దాన్ని ఎవరో ఒకరు నేర్చుకోకపోతే, అప్పున్నవాడికి లేదని, లేనివాడికి ఉందని యంత్రం చెప్తుంది. మనం సరేనంటాం."

వాడు అవుననలేదు, కాదనలేదు. ఇంతలో కరెంటు పోయింది. రంగంలో అది మామూలే. నెట్టు పోయింది, ఏఐ కూడా పోయింది. లాప్‌టాపులో బ్యాటరీ ఇంకా ఉంది. వాళ్ళ నాన్న కొవ్వొత్తి తెచ్చి పక్కన కూర్చున్నాడు. అనుమానపు పేర్లు నూటపన్నెండు తేలాయి. ఇద్దరూ ఒక్కొక్కటే చదువుకుంటూ, ఎవరు ఎవరో తేలుస్తూ కూర్చున్నారు.