వేడినీళ్ళ ఫ్లాస్కుతో మంచుకొండలకు

మా పుట్టిల్లు కాకినాడ. చిన్నప్పుడు సాయంత్రంపూట నాన్నగారి వేలు పట్టుకుని సముద్రపు ఒడ్డుకు వెళితే, ఎక్కడో దూరాన లంగరు వేసుకుని నిలుచున్న ఓడలు కనిపించేవి. ఆ రోజుల్లో అక్కడ పెద్ద ఓడ ఒడ్డుదాకా వచ్చేది కాదు. సరుకంతా పడవల మీద చేరవేసేవారు. "మనం ఎప్పుడెక్కుతాం నాన్నగారూ?" అంటే, "పెద్దయ్యాక ఎక్కుదువుగానిలే" అనేవారు.

పెద్దదాన్నయ్యాను. మా వారి వుద్యోగం వెంట అమెరికా వచ్చి, సియాటిల్ రేవుపట్నంలో ముప్ఫయ్యేళ్ళు కాపురం చేశాను. వేసవి వచ్చిందంటే యిక్కడినుంచి అలాస్కాకు తెల్లటి ఓడలు బయల్దేరుతూనే వుంటాయి. "వచ్చే యేడు చూద్దాం" అనుకోవడమేగాని ఒక్కటీ ఎక్కలేదు.

2023 నవంబరులో డాక్టరుగారు మా యిద్దర్నీ కూర్చోబెట్టి, నాకు పెద్దపేగులో కాన్సరనీ, అది కాలేయానికి కూడా పాకిందనీ చెప్పారు. పూర్తిగా పోగొట్టడం కష్టం, మందులతో అదుపులో పెడతామన్నారు. 14 రోజులకోసారి ఆస్పత్రిలో మందు ఎక్కించడం, ఆ మీదట 46 గంటలు నడుముకు చిన్న పంపు కట్టుకుని యింట్లో తిరగడం — యిదీ నా కార్యక్రమం. పంపు రెండోసారి తీసేసిన రోజు సాయంత్రం మా వారితో అన్నాను: "ఏవండీ, యీ వేసవికి ఓడ ఎక్కుదాం."

ఆయన పేపరు పక్కన పెట్టి నావంక చూశారు. డల్లాస్‌లో వున్న మా అబ్బాయి ఫోనులో "యిప్పుడు అవసరమా అమ్మా?" అన్నాడు. గుళ్ళో కలిసిన పిన్నిగారైతే "ఒంట్లో బాగాలేనప్పుడు సముద్రప్రయాణమేమిటమ్మా!" అని బుగ్గలు నొక్కుకున్నారు. ఒంట్లో బాగున్నన్నాళ్ళూ నేనేం వెలగబెట్టానో ఆవిడకేం తెలుసు!

చివరికి మా వారు ఓ నోటుపుస్తకం తెచ్చి మొదటి పేజీలో "ఓడ" అని రాశారు. ఆయన ఏ పనైనా నోటుపుస్తకంతోనే ప్రారంభిస్తారు.

మొదట డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. "ఎక్కడికి?" అన్నారాయన. "అలాస్కాకండీ" అన్నాను. పకాలున నవ్వారు. కారణముంది. నాకెక్కించే మందుల్లో ఆక్సాలిప్లాటిన్ అనేదొకటి వుంది. దానికీ చలికీ బద్ధవైరం. చల్లని గ్లాసు ముట్టుకుంటే వేళ్ళు సూదులతో గుచ్చినట్టుంటాయి. చల్లనీళ్ళు తాగితే గొంతు పట్టేస్తుంది. ఫ్రిజ్ తలుపు కూడా గ్లవ్స్ తొడుక్కునే తీసేదాన్ని. అలాంటిదాన్ని మంచుకొండలు చూడబోతున్నాను!

"ఆ బాధ మందు ఎక్కించిన మొదటి కొన్ని రోజులే ఎక్కువ. ఓసారి మందు ఆపి, మధ్యలో ప్రయాణం పెట్టుకోండి. ఆ వారం రక్తకణాలు కూడా కాస్త కోలుకుని వుంటాయి" అన్నారాయన. ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టారు. జ్వరం 100.4 డిగ్రీలు తాకితే, అర్ధరాత్రయినా సరే ఓడ డాక్టరును లేపాలి.

ఇక తేదీల లెక్క. బయానా ముందు కట్టి, మిగతా సొమ్ము సుమారు మూడు నెలల ముందు చెల్లించాలి. ఆ గడువు దాటాక మానుకుంటే డబ్బు కోత పడుతుంది. నా స్కాను ఫిబ్రవరి మొదటివారంలో వుంది. అందుకని మా వారు మే నెల మధ్యలో బయల్దేరే ఓడ చూశారు. స్కాను ఫలితం తెలిశాకే పెద్దమొత్తం కట్టవచ్చు. జబ్బు వున్న యింట్లో ముందు చూడవలసింది ఓడ అందం కాదు, యీ గడువు తేదీ. కేబిన్ కూడా ఓడ నడిమధ్యన, కింది అంతస్తులో తీసుకున్నారు. అక్కడ వూపు తక్కువ.

తరువాతి పేజీ బీమా. ఓడలో డాక్టరూ నర్సులూ వుంటారుగాని కాన్సర్ వైద్యుడుండడు. ప్రాణం మీదికొస్తే హెలికాప్టరులో తరలించాలి. ఆ ఖర్చు మామూలు సంసారులు భరించలేనిది. 65 దాటినవారికి ప్రభుత్వం యిచ్చే మెడికేర్, ఓడ అమెరికా రేవుకు ఆరుగంటల దూరం దాటిందంటే వర్తించదు. ముందునుంచీ వున్న జబ్బుకు ప్రయాణబీమా కూడా మామూలుగా వర్తించదు. అయితే బయానా కట్టిన 14 నుంచి 21 రోజుల్లోగా పాలసీ కొంటే చాలా కంపెనీలు ఆ నిబంధన సడలిస్తాయి. తిరిగిరాని ఖర్చు యావత్తూ బీమా చేయాలి. పాలసీ కొన్ననాటికి ప్రయాణం చేయగలిగిన స్థితిలో వుండాలి. మేం అదేరోజు తేదీతో డాక్టరుగారి చేత వుత్తరం రాయించుకుని మరీ కొన్నాం.

ఆ కంపెనీ అమ్మాయితో మా వారు అరగంట మాట్లాడి, అన్నీ రాసుకున్నారు. ఒక్క ప్రశ్న మాత్రం ఆయన అడగరని నాకు తెలుసు. ఫోను నేనందుకుని, "అమ్మాయీ, ఓడలోనే నాకేమైనా అయితే, నన్ను యింటికి చేర్చే ఖర్చు యిందులో వుందా?" అన్నాను.

"వుందండీ" అంది. గొంతు మెత్తబడింది. ఫోను పెట్టి చూస్తే మా వారు గదిలో లేరు. పావుగంటకు వేడి వేడి కాఫీ రెండు గ్లాసులతో వచ్చి, ఏమీ మాట్లాడకుండా నా పక్కన కూర్చున్నారు. ఆ మాట ఆయన నోటుపుస్తకంలో రాసుకోలేదు. నేనే తరువాత రాశాను.

ఫిబ్రవరిలో కాలేయం మీది మచ్చలు కాస్త తగ్గాయన్నారు. మర్నాడే మిగతా సొమ్ము కట్టేశాం.

మేలో బయల్దేరాం. మందులన్నీ సొంత సీసాలతో సహా చేతిసంచిలో పెట్టుకున్నాం. పెద్దపెట్టె ఎక్కడైనా చిక్కుకుంటే మందు లేకుండా పోకూడదు. పాస్‌పోర్టులు కూడా పట్టుకున్నాం. ఎందుకంటే 1886 నాటి చట్టం ప్రకారం విదేశీ జెండా వున్న యీ ఓడలు దారిలో ఓ విదేశీ రేవు తాకాలి. మా ఓడ కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది. అక్కడ ఆస్పత్రి పాలైతే విమానంలో తిరిగి రావడానికి పాస్‌పోర్టు కావాలి. భోజనశాలలో నలుగురూ ముట్టుకునే గరిటెల దగ్గరికి పోకుండా, బల్లదగ్గర వేడిగా వడ్డించినదే తిన్నాను.

జూనో వూరికి బయటినుంచి రోడ్డు లేదు. ఓడలోనో విమానంలోనో చేరవలసిందే. అక్కడినుంచి బస్సులో మెండెన్‌హాల్ హిమానీనదం చూడబోయాం. రెండు స్వెట్టర్లు, మఫ్లరు, గ్లవ్స్, చంకన వేడినీళ్ళ ఫ్లాస్కు — చూసినవాళ్ళు నవ్వుకునే వుంటారు. నీలంగా మెరిసే ఆ మంచుగోడను చూస్తూ ఎంతసేపు నిలుచున్నానో తెలియదు.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన మంచుముక్కను మా వారు చేత్తో తీసుకున్నారు.

"ఎలా వుందండీ?" అన్నాను.

"చల్లగా వుందోయ్" అన్నారు.

"అది నాకూ తెలుసు, యింకా చెప్పండి" అన్నాను. ఆయన దాన్ని అటూ యిటూ తిప్పి, ఎండకెత్తి, తోచినన్ని మాటలు చెప్పారు. అది కరిగి నీళ్ళయ్యేదాకా చెబుతూనే వున్నారు.

తిరిగొచ్చిన మంగళవారం మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాను. మందు ఎక్కుతుంటే మా వారు పక్కన కూర్చుని నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పారు.

"ఈసారి ఎక్కడికోయ్?" అన్నారు.

"చలి లేనిచోటికి" అన్నాను.