ఫోను ద్వారా సరుకుల విక్రయము

“మా తోటలోని కాయను, మా ఇంటి పచ్చడిని, మా బెల్లమును ఫోనులో బొమ్మ పెట్టి అమ్ముకొనవచ్చునా? పట్టణవాసులు అట్లు అమ్ముచున్నారు గదా!” అని సభ్యులు పలువురు మమ్ము నడుగుచున్నారు. అమ్ముకొనవచ్చును. కాని యందలి లాభమెంతయో, అపాయమెంతయో ముందుగా తెలిసికొనుట మేలు.

రైతు పంట పండించుటలో ఆరితేరినవాడు. అమ్ముటలో మాత్రము పరాధీనుడు. మండీకి తోలిన కాయకు ధర కట్టువాడొకడు, కాటా వేయువాడొకడు, తరుగు తీయువాడు మరియొకడు. తినువాడెవడో రైతెఱుగడు, పండించినవాడెవడో తినువాడెఱుగడు. 2004లో పుట్టిన ఫేసుబుక్కు, 2005లో పుట్టిన యూట్యూబు, 2009లో పుట్టిన వాట్సాపు, 2010లో పుట్టిన ఇన్‌స్టాగ్రాము ఈ యిరువురిని ముఖాముఖిగా కలుపగలవు. వీనివలని ముఖ్యప్రయోజన మిదియే.

అయినను, సంతలో గంప దించినంత మాత్రమున సరుకు అమ్ముడుపోదు. ఈ మాధ్యమములను నడుపు కంపెనీలకు ముఖ్యాదాయము ప్రకటనలవలన వచ్చును. కావున మనము పెట్టిన ప్రతి బొమ్మయు మనలను అనుసరించు వారందరికిని కనబడునని తలపరాదు. మొదట మనలను ఎఱిగినవారితోనే ప్రారంభింపవలెను. పట్టణములందున్న బంధువులు, వారి ఇరుగుపొరుగువారు, మన బిడ్డలతో కలిసి ఉద్యోగము చేయువారు, వీరే తొలి ఖాతాదారులు. 2018లో వెలువడిన వ్యాపారపు వాట్సాపు ఉచితముగా లభించును. అందు సరుకుల బొమ్మలను ధరలతో పట్టికగా నుంచవచ్చును. ఒకే కబురును పలువురికి వేర్వేరుగా పంపు సౌకర్యమును కలదు. కాని మన నంబరును తమ ఫోనులో వ్రాసికొన్నవారికే ఆ కబురు చేరును. కావున ప్రతి ఖాతాదారుని “మా నంబరు దాచుకొనుడు” అని కోరవలెను.

ఇక బొమ్మను గూర్చి. పగటి వెలుతురులో, రంగులు దిద్దక తీయవలెను. బొమ్మలో చూపిన కాయయే పెట్టెలో నుండవలెను. రకము, తూకము, ధర, రవాణా కూలి, పంపు దినము, మన ఊరు, ఈ ఆరు సంగతులును బొమ్మ క్రింద వ్రాయవలెను. కాయను ఎట్లు మాగవేయుదురో చూపిన మరియు మంచిది. కార్బైడుతో మాగవేయుట చట్టరీత్యా నిషిద్ధము. మన కాయ గడ్డిలో మాగినదైన యెడల ఆ గడ్డినే చూపవలెను. ఎరువులు చల్లిన పంటను సేంద్రియమని వ్రాయుట మోసము. పచ్చళ్లు మొదలగు తినుబండారములు చేసి అమ్మువారు 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు చేయించుకొని, 14 అంకెల నంబరును సీసాపై వేయవలెను.

ఇపుడు లెక్క చూతము. ఈ అంకెలు ఉదాహరణకై అనుకొన్నవి మాత్రమే. 5 కిలోల మామిడి కాయకు మండీలో కిలో 30 రూపాయల చొప్పున 150 రూపాయలు వచ్చుననుకొందము. ఆ కాయనే పెట్టెలో పెట్టి 500 రూపాయలకు అమ్మితిమి. పెట్టెకు, కాగితమునకు 50; రవాణాకు 120; పది పెట్టెలలో ఒకటి చెడినచో మరల పంపుటకు పెట్టెకు 50 చొప్పున తీసివేయగా 280 మిగులును. మండీ కంటె 130 అధికము. ఏరుటకు, కట్టుటకు అయిన కూలి ఇందుండియే రావలెను. రవాణా 250 రూపాయలైనచో మిగులునది 150 మాత్రమే, శ్రమ వృథా. కావున దూరము చూడక ధర చెప్పరాదు. మచ్చలేని కాయ మాత్రమే ఇట్లు అమ్ముడగును. తక్కినది మండీకి పోక తప్పదు. మొదటి యేట కొలది పెట్టెలతోనే అనుభవము గడింపుడు.

మరియొక ముఖ్యవిషయము. ఈ మాధ్యమములు మన సొంత భూములు కావు. కౌలు భూముల వంటివి. 2020 జూను 29న భారత ప్రభుత్వము టిక్‌టాక్ సహా 59 యాపులను నిషేధించినది. దానిపైననే ఆధారపడి అమ్మకములు సాగించుకొన్నవారికి ఒక్క దినములో దారి మూసికొనిపోయినది. కావున ఖాతాదారుని పేరు, ఫోను నంబరు, కొన్న సరుకు, దానిపై ఆయన చెప్పిన మంచిచెడ్డలు, వీనిని కాగితపు పుస్తకములో వ్రాసి యుంచుకొనవలెను. ఫోను పోయినను, ఖాతా మూతపడినను ఆ పుస్తకము మనదే.

మోసగాండ్రును అచట కలరు. సొమ్ము తీసికొనుటకు పిన్ను కొట్టనక్కరలేదు, క్యూఆర్ గుర్తును మన ఫోనుతో చూపనక్కరలేదు. “మీకు సొమ్ము పంపుచున్నాము, పిన్ను కొట్టుడు” అనువాడు మన సొమ్ము లాగుకొనువాడే. చెల్లించినట్లు బొమ్మ పంపినను, బ్యాంకు ఖాతాలో జమ చూడక పెట్టె కదల్పరాదు. మోసపోయిన వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను.

తుదకు సంఘము మాట. ఒకే ఊరి రైతులు పదుగురు ఎవరికి వారే బొమ్మలు పెట్టినచో, ఒకరికంటె నొకరు ధర తగ్గించుకొని అందరును నష్టపోవుదురు. దళారి చేయు పనిని మనమే ఒకరికొకరము చేసికొన్నట్లగును. అట్లు గాక, ఒక పేరు, ఒక నంబరు, ఒక తూకము, ఒక ధర పెట్టుకొని, ఫోను పని తెలిసిన పడుచువారికి తగిన ప్రతిఫలమిచ్చి నడిపించిన యెడల, పెట్టెలన్నియు ఒకే బండిపై పోవును, రవాణా తగ్గును, సరుకులో లోపము వచ్చిన సంఘమే సమాధానము చెప్పును.

1844లో ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున 28 మంది పనివారు చిన్న అంగడి తెఱచిరి. పిండి, వెన్న, పంచదార వంటి కొలది సరుకులే వారికి పెట్టుబడి. కల్తీ విరివిగా నున్న ఆ దినములలో శుద్ధమైన సరుకును, సరియైన తూకమును ఇచ్చుటచేతనే వారు నిలిచిరి. నేడు మన చేతికి ఫోను వచ్చినది. అది మన మాటను దూరమునకు చేర్చును. ఆ మాటను నిలుపుకొనవలసినది మాత్రము మనమే. వచ్చు మామిడి కాపునకు ముందే ప్రతి సంఘమును ఒక సమావేశము జరిపి ఈ విషయమును చర్చింపవలెనని మా విజ్ఞప్తి.