నడుస్తున్నాడు కాబట్టి బాగయ్యాడనుకోకండి



మన సంఘాల్లో తరచుగా వినే సాక్ష్యం ఒకటుంది. కాలువ గట్టు రోడ్డు మీద బైకు పడిపోయింది. తలకు దెబ్బ తగిలింది. కాకినాడ పెద్దాసుపత్రిలో రోజుల తరబడి స్పృహ లేదు. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది, ప్రభువు లేపాడు. ఆ సహోదరుడు తన కాళ్ల మీద నడిచి వచ్చి నిలబడగానే అందరం దేవుని స్తుతిస్తాం. స్తుతించవలసిందే.

అయితే ఆ సాయంత్రం అతని ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలియదు. పొద్దున ఏం తిన్నాడో గుర్తుండదు. అడిగిన మాటే పదిసార్లు అడుగుతాడు. పిల్లలు గట్టిగా నవ్వితే పళ్లెం విసిరేస్తాడు. చేతిలో ఉన్న డబ్బు ఎవరడిగితే వారికి ఇచ్చేస్తాడు. భార్య ఈ బాధ ఎవరితో చెప్పుకోవాలి? సాక్ష్యం అయిపోయింది కదా! ఇప్పుడు చెబితే విశ్వాసం లేనిదంటారేమోనని భయం.

రామచంద్రపురం చుట్టుపక్కల ఇలాంటి ఇళ్లు ఉండడానికి కారణాలు మన కళ్ల ముందే ఉన్నాయి. కాకినాడ, మండపేట వైపు రోడ్ల మీద హెల్మెట్ లేని ప్రయాణాలు, కోతల కాలంలో రోడ్డు మీదనే ఆరబోసిన ధాన్యం, లైట్లు లేని ట్రాక్టర్లు, కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీద నుండి పడిపోవడం, స్నానాల గదిలో పెద్దవారు జారిపడడం.

దెబ్బ ఎక్కడ దాక్కుంటుంది?

ఎముక విరిగితే కట్టు కనబడుతుంది. మెదడు దెబ్బ కనబడదు. నుదుటి వెనుక ఉన్న భాగం మన కోపాన్ని అదుపు చేస్తుంది, ముందువెనుకలు ఆలోచింపజేస్తుంది. అది దెబ్బతింటే మనిషి మాట తూలుతాడు, తొందరపడతాడు, లేదా దేనిమీదా ఆసక్తి లేకుండా కూర్చుంటాడు. కణతల లోపలి భాగం దెబ్బతింటే కొత్త సంగతులు నిలవవు. చిన్న పనికే విపరీతమైన అలసట వస్తుంది. వెలుతురు, శబ్దం భరించలేరు. కొందరికి నెలల తర్వాత కూడా ఫిట్స్ మొదలవుతాయి.

ఇది బద్ధకం కాదు, అహంకారం కాదు, దయ్యం అంతకన్నా కాదు. కట్టివేసి, కొట్టి ప్రార్థించడం వాక్యం నేర్పిన పని కాదు. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే ప్రాణానికే ముప్పు. ప్రార్థించే చేతులతోనే మాత్ర అందించండి. రెండింటికీ వైరం లేదు.

పెద్దవారి విషయంలో ఇంకొక జాగ్రత్త. పడిన కొన్ని వారాల తర్వాత కూడా తలలో నెమ్మదిగా రక్తం చేరవచ్చు. తలనొప్పి పెరగడం, వాంతులు, మగత, తడబాటు, ఒక చేయి బలహీనపడడం కనిపిస్తే ముసలితనమని వదిలేయకుండా వెంటనే స్కానింగుకు తీసుకువెళ్లండి.

సహాయం ఎక్కడ దొరుకుతుంది?

ప్రమాదం జరిగిన వెంటనే 108కి ఫోన్ చేయండి. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల్లోపు 1.5 లక్షల రూపాయల వరకు నగదు చెల్లించకుండా చికిత్స చేయించే కేంద్ర పథకం 2025లో వచ్చింది. వైద్యసేవ కార్డు ఉందేమో కూడా చూడండి.

ఇంటికి వచ్చాక అసలు పని మొదలవుతుంది. డిశ్చార్జి కాగితాలు, స్కానింగు ఫిల్ములు ఒక సంచిలో భద్రపరచండి. వికలత్వ ధ్రువపత్రానికి సచివాలయంలో అడిగి సదరం స్లాటు తీసుకోవచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో మెదడు గాయం పేరు విడిగా లేదు. కాబట్టి చేయి, కాలు, మాట, జ్ఞాపకం, మనస్సు వీటిలో ఏది దెబ్బతిన్నదో డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. చాలామంది నడక ఒక్కటే చూపించి, మరపును, కోపాన్ని సిగ్గుపడి దాచి, ఉత్తచేతులతో తిరిగి వస్తారు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే పింఛనుకు అర్హత ఉంటుంది. మన రాష్ట్రంలో 2024 నుండి అది నెలకు 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000.

దిగులు, నిద్రలేమి, చచ్చిపోవాలన్న తలంపు ఉంటే టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఇది రోగికే కాదు, చూసుకునేవారికి కూడా.

వేలూరు సీఎంసీని మనం ఎరుగుదుము. అక్కడి డాక్టర్ మేరీ వర్గీసు 1954లో కారు ప్రమాదంలో నడుము కిందిభాగం చచ్చుబడిపోయినా, చక్రాల కుర్చీలో నుండే వైద్యం చేసి, అంగవైకల్యం వచ్చినవారిని తిరిగి జీవితంలో నిలబెట్టే విభాగానికి పునాది వేశారు. ఆమె కాళ్లు తిరిగి రాలేదు, ఆమె పరిచర్య మాత్రం ఆగలేదు.

సంఘం ఏం చేయగలదు?

ఇంటికి వెళ్లినప్పుడు పదిమంది కలిసి వెళ్లకండి. ఇద్దరు చాలు, పదిహేను నిమిషాలు చాలు. ఒకరి తర్వాత ఒకరు, నెమ్మదిగా మాట్లాడండి. "నన్ను గుర్తుపట్టావా?" అని పరీక్ష పెట్టకుండా మీ పేరు మీరే చెప్పండి. గుడిలో స్పీకరుకు దూరంగా, తలుపు దగ్గర ఒక కుర్చీ అతని కోసం ఉంచండి. మధ్యలో లేచి వెళ్లిపోతే తప్పుపట్టకండి. డాక్టరు చెప్పేవరకు బైకు తాళం ఇవ్వకండి.

అన్నిటికన్నా ముఖ్యం, అతని భార్యకో తల్లికో వారానికి రెండు గంటల విశ్రాంతి. స్త్రీల సమాజంలో వంతులు వేసుకుంటే ఇది పెద్ద పని కాదు. యౌవనస్థులు సదరం క్యాంపుకు, ఆసుపత్రికి తోడు వెళ్లవచ్చు. ఆ ఇంట్లో చెయ్యి చేసుకోవడం వరకు వస్తే, "ఓర్చుకో అమ్మా" అని చెప్పి పంపేయకండి. ఆమెను, పిల్లలను ముందు భద్రంగా ఉంచి, అతన్ని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి.

మన ఊరికి ఇది కొత్త కాదు. లోకం ఊరి బయటకు నెట్టిన కుష్ఠు రోగులకు ఈ రామచంద్రపురంలోనే కెనడియన్ బాప్టిస్టు మిషనరీ మిస్ హాచ్ ఆశ్రయం కల్పించారు. వారి ముఖం చూడడానికే జనం జంకే రోజులవి. ఈనాడు మనం జంకేది ముఖం చూసి కాదు, మారిపోయిన స్వభావం చూసి.

రోడ్డు మీద గాయపడినవానిని ఆదుకున్నవారిని పోలీసులు, కోర్టులు వేధించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన సెక్షనుకు మంచి సమరయుని పేరే పెట్టారు. లూకా 10వ అధ్యాయంలోని ఆ కథలో గాయాలు కట్టిన సంగతి మనందరికీ గుర్తే. అయితే అతడు పూటకూళ్లవానికి డబ్బిచ్చి, తాను మళ్లీ వస్తానని మాట ఇచ్చి వెళ్లాడు. ఆ సంగతి మనం తొందరగా మరచిపోతాం. మొదటి వారం ఆసుపత్రి వరండా నిండా మనమే ఉంటాం. రెండవ సంవత్సరం ఆ ఇంటి తలుపు తట్టేది ఎవరు?

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, అలా మనం మరచిపోయిన ఒక ఇంటికి మళ్లీ వెళదాం. ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.